కరెంటును కొలిచే ఆప్-ఆంప్ సర్క్యూట్: షంట్ నుంచి సిమ్యులేషన్ దాకా ఒక చరిత్ర

ఈ పాఠంలో మీరు ఒక చిన్న సర్క్యూట్ చరిత్ర చదువుతారు. ఒక నిరోధకం, ఒక ఆప్-ఆంప్, దాని చుట్టూ మరో నాలుగు నిరోధకాలు, అంతే. కంప్యూటర్‌లో ఇది చక్కగా పనిచేస్తుంది. బల్ల మీద కట్టి చూస్తే తరచుగా పనిచేయదు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే చరిత్ర తెలియాలి. ఎందుకంటే సిమ్యులేషన్ ప్రోగ్రాం పట్టించుకునే విషయాలు, వదిలేసే విషయాలు ఒక్కొక్కటి ఒక్కో కాలంలో ఒక్కో అవసరం కోసం నిర్ణయమైనవి.

ముందు ఒక విద్యార్థి సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతులకు వచ్చిన ఆయన ఆటోలకు, ట్రాక్టర్లకు బ్యాటరీలు చార్జింగ్ చేసే షాపు నడుపుకుంటూ చదువుకునేవారు. 12 వోల్టుల బ్యాటరీలోకి వెళ్ళే కరెంటును కొలిచి, అది 0.5 ఆంపియర్ కంటే తగ్గగానే, అంటే బ్యాటరీ నిండగానే, చార్జర్‌ను ఆపేసే సర్క్యూట్ ఒకటి తయారు చేసుకున్నారు. బ్యాటరీ ధన ధ్రువం వైపు 0.01 ఓమ్ షంట్ పెట్టారు. 10 ఆంపియర్లు ప్రవహిస్తే దాని కొసల మధ్య 100 మిల్లీవోల్టులు వస్తాయి. ఆ భేదాన్ని ఆప్-ఆంప్ 50 రెట్లు పెంచి 5 వోల్టులుగా ఇవ్వాలి. గెయిన్ కోసం 20 కిలో ఓమ్ నిరోధకాలు రెండు, 1 మెగా ఓమ్ నిరోధకాలు రెండు వాడారు. సిమ్యులేషన్‌లో గ్రాఫు గీత గీసినట్టు వచ్చింది. షాపులో మాత్రం చార్జర్ రాత్రంతా ఆగలేదు. తెల్లవారేసరికి ఒక ఖాతాదారు బ్యాటరీలో నీళ్ళు ఉడికి, ప్లేట్లు బయటపడ్డాయి. కొత్త బ్యాటరీ ఆయనే కొనివ్వాల్సి వచ్చింది.

ఆయన ఆ గ్రాఫు ప్రింటు తెచ్చి చూపిస్తే నేను రెండు నిమిషాలు చూసి, "సిమ్యులేషన్ బాగానే ఉంది కదా, మీ టంకం ఎక్కడో సరిగా పడి ఉండదు, చూసుకోండి" అన్నాను. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో ఈ పాఠం చివరికి మీకే తెలుస్తుంది.

సూది నుంచి షంట్ వరకు

1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్, విద్యుత్ ప్రవహిస్తున్న తీగ దగ్గర దిక్సూచి సూది కదులుతుందని ప్రకటించాడు. కరెంటును కొలవడం అక్కడే మొదలైంది. తీగను చుట్టలుగా చుట్టి మధ్యలో సూదిని ఉంచితే గాల్వనోమీటర్ అయింది. 1827లో ఓమ్ తన సూత్రాన్ని పుస్తకంగా ప్రచురించాడు. 1882లో డి ఆర్సన్‌వాల్ కదిలే తీగచుట్ట గాల్వనోమీటర్‌ను రూపొందించాడు. ఈ దశలన్నీ మీరు ఇంటర్మీడియట్‌లో చదివినవే కనుక ఎక్కువ చెప్పను.

మనకు కావలసింది దాని తరువాతి అడుగు. సున్నితమైన తీగచుట్ట పెద్ద కరెంటును తట్టుకోలేదు. అందుకని చాలా తక్కువ నిరోధం ఉన్న లోహపు పట్టీ గుండా అసలు కరెంటును పంపి, ఆ పట్టీ కొసల మధ్య వోల్టేజిని కొలవడం మొదలుపెట్టారు. అదే షంట్. ఇక్కడ రెండు చిక్కులు వచ్చాయి.

మొదటిది వేడి. రాగి నిరోధం ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. మన విద్యార్థి షంట్‌లో 10 ఆంపియర్ల వద్ద ఒక వాట్ వేడి పుడుతుంది. ఆ షంట్ రాగితో చేసినదై, 25 డిగ్రీలు వేడెక్కితే, కొలత దాదాపు 10 శాతం తప్పుతుంది. ఎడ్వర్డ్ వెస్టన్ అనే ఇంజనీరు 19వ శతాబ్దం చివర్లో రాగి, మాంగనీస్, కొద్దిగా నికెల్ కలిపిన మాంగనిన్ అనే మిశ్రమలోహాన్ని తయారు చేసింది ఇలాంటి అవసరాల కోసమే. వేడెక్కినా దాని నిరోధం దాదాపు మారదు. నేటికీ మంచి షంట్‌లు చాలావరకు దానితోనే చేస్తారు.

రెండో చిక్కు తీగలది. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగకు మీటరుకు 17 మిల్లీఓమ్‌ల నిరోధం ఉంటుంది. పది సెంటీమీటర్ల ముక్కకు 1.7 మిల్లీఓమ్‌లు. మామూలు సర్క్యూట్‌లో దీన్ని ఎవరూ లెక్కపెట్టరు. మన షంట్ మొత్తం 10 మిల్లీఓమ్‌లే కనుక ఆ చిన్న ముక్క 17 శాతం తప్పును తెచ్చిపెడుతుంది. 1860లలో విలియం థామ్సన్, అంటే తరువాతి లార్డ్ కెల్విన్, చిన్న నిరోధాలను కొలవడానికి దీనికి పరిష్కారం చూపాడు. కరెంటు తెచ్చే తీగలు రెండు వేరు, వోల్టేజి కొలిచే తీగలు రెండు వేరు. కొలిచే తీగలను సరిగ్గా షంట్ కొసలకే కలపాలి. మీరు కంప్యూటర్‌లో గీసే గీతకు నిరోధం సున్నా. అందువల్ల కొలిచే తీగను షంట్ దగ్గర కలిపినా, బ్యాటరీ క్లిప్పు దగ్గర కలిపినా ప్రోగ్రాం ఒకే జవాబు ఇస్తుంది. కెల్విన్ అనుభవం అందులో లేదు. కావాలంటే మీరే ఒక 1.7 మిల్లీఓమ్ నిరోధకాన్ని గీసి చేర్చాలి.

సిమ్యులేషన్ కోసమే పుట్టిన ఆంప్లిఫయర్

ఆప్-ఆంప్ కథ టెలిఫోన్ తీగల దగ్గర మొదలవుతుంది. దూరపు టెలిఫోన్ లైన్లలో వరుసగా పెట్టిన ఆంప్లిఫయర్లు మాటను వికృతం చేసేవి. బెల్ లాబొరేటరీస్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ 1927 ఆగస్టు 2న ఉదయం హడ్సన్ నది మీద ఫెర్రీలో ఆఫీసుకు వెళుతూ, చేతిలోని న్యూయార్క్ టైమ్స్ పేజీ మీద నెగటివ్ ఫీడ్‌బ్యాక్ సమీకరణాలు రాసుకున్నాడు. ఆంప్లిఫయర్ ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని వ్యతిరేక దిశలో ఇన్‌పుట్‌కు తిప్పి ఇస్తే గెయిన్ తగ్గుతుంది కాని, ఫలితం ఆంప్లిఫయర్ లోపాల మీద కాక బయటి నిరోధకాల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. కష్టపడి పెంచుకున్న గెయిన్‌ను పారేయడం ఏమిటని పేటెంటు కార్యాలయం వారికి నమ్మకం కుదరలేదు. దరఖాస్తు చేసిన తొమ్మిదేళ్ళకు పైగా గడిచాక 1937లో పేటెంటు వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అదే బెల్ లాబొరేటరీస్‌లో కార్ల్ స్వార్ట్జెల్ రూపొందించిన సమ్మింగ్ ఆంప్లిఫయర్ విమాన విధ్వంసక తుపాకులకు గురి లెక్కించే ఎం9 యంత్రంలో చేరింది. 1944లో ఇంగ్లండ్ మీదికి వచ్చిన వి-1 బాంబులను కూల్చడంలో ఆ యంత్రానిది పెద్ద పాత్ర. కూడిక, తీసివేత, సమాకలనం వంటి గణిత పరిక్రియలు చేసే ఆంప్లిఫయర్ కనుక దీన్ని ఆపరేషనల్ ఆంప్లిఫయర్ అన్నారు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన రగజీని, ఆయన సహచరులు 1947లో ప్రచురించిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ వ్యాసం చలన సమస్యలను ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో విశ్లేషించడం గురించి. అంటే విమానం ఎలా ఊగుతుందో, స్ప్రింగు ఎలా కదులుతుందో అనుకరించి చూపే అనలాగ్ కంప్యూటర్‌లో భాగంగా ఆప్-ఆంప్ పేరు తెచ్చుకుంది. అప్పట్లో ఇతర వస్తువులను సిమ్యులేట్ చేసిన పరికరాన్నే ఇప్పుడు మనం కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేస్తున్నాం. నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా సరదాగా ఉంటుంది.

1950ల తొలినాళ్ళలో జార్జ్ ఫిల్‌బ్రిక్ కంపెనీ కె2-డబ్ల్యు అనే వాక్యూం ట్యూబుల ఆప్-ఆంప్‌ను ప్లగ్గులా గుచ్చుకునే వస్తువుగా అమ్మింది. దానికి ధన, రుణ 300 వోల్టుల సప్లై కావాలి. ఆ తరువాత ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో బాబ్ విడ్లర్ 1965 నాటికి మ్యూ-ఏ709ను ఒకే సిలికాన్ ముక్క మీదికి తెచ్చాడు. దాన్ని డోలనం చెందకుండా నిలపడానికి బయట కెపాసిటర్లు కలపాల్సి వచ్చేది. 1968లో అదే కంపెనీలో డేవ్ ఫులగర్ 30 పికోఫారడ్ కెపాసిటర్‌ను చిప్ లోపలే పెట్టి 741ను తయారు చేశాడు. మా తరం వాళ్ళు ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నది దాని మీదే. ఆలోచించకుండా గుచ్చినా పనిచేసేది. ఆలోచించకుండా గుచ్చే అలవాటు కూడా మాకు అదే నేర్పింది.

స్పైస్ వచ్చింది

చిప్ లోపల ఉండే సర్క్యూట్‌ను విడి ట్రాన్సిస్టర్లతో బల్ల మీద కట్టి పరీక్షించడం కుదరదు. విడి భాగాల గుణాలు వేరు, ఒకే సిలికాన్ ముక్క మీద పక్కపక్కన ఏర్పడిన భాగాల గుణాలు వేరు. కాబట్టి లెక్కవేసి చూడాలి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ రోరర్ తరగతిలో విద్యార్థులు మొదలుపెట్టిన పనిలోంచి క్యాన్సర్ అనే విచిత్రమైన పేరుగల ప్రోగ్రాం వచ్చింది. ఆ తరగతి విద్యార్థి లారెన్స్ నాగెల్, ఆచార్యుడు డొనాల్డ్ పెడర్సన్ దాన్ని మలచి స్పైస్‌గా మార్చారు. 1973 ఏప్రిల్‌లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో దాన్ని ప్రకటించారు. 1975లో రెండో రూపం వచ్చింది. అందరికీ అందుబాటులో ఉండాలని పెడర్సన్ పట్టుబట్టడం వల్ల అది లోకమంతా పాకింది. మీరు వాడే ఎల్‌టీస్పైస్ అయినా, ఐఐటీ బొంబాయి ఫోసీ బృందం ఉచితంగా అందిస్తున్న ఈసిమ్ లోపలి ఎన్‌జీస్పైస్ అయినా ఆ వంశంలోవే.

స్పైస్ పేరులోనే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లకు ప్రాధాన్యం అనే మాట ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

మన విద్యార్థికి సిమ్యులేషన్ మొదటిసారే రాలేదు. ఆయన 1 మెగా ఓమ్ అని రాయడానికి 1 పక్కన పెద్ద ఎం అక్షరం పెట్టారు. ఔట్‌పుట్ సున్నా వచ్చింది. కారణం పంచ్ కార్డులు. స్పైస్ పుట్టిన రోజుల్లో సర్క్యూట్‌ను ఒక్కో భాగానికి ఒక్కో కార్డు చొప్పున రాసేవారు. కార్డుల మీద పెద్ద అక్షరాలే ఉండేవి. మిల్లీకి, మెగాకు రెండింటికీ ఎం అంటే కుదరదు కనుక ఒంటి ఎం మిల్లీకి, ఎం-ఇ-జి అనే మూడక్షరాలు మెగాకు కేటాయించారు. నేటికీ ప్రోగ్రాం చిన్న, పెద్ద అక్షరాల తేడా చూడదు. అందువల్ల ఆయన పెట్టిన మెగా ఓమ్ నిరోధకం మిల్లీఓమ్ తీగ అయిపోయింది, అంటే వంద కోట్ల రెట్లు తక్కువ. మీ ఫలితం నమ్మశక్యం కానంత పెద్దదిగానో చిన్నదిగానో వస్తే ముందు ఈ అక్షరాన్నే వెతకండి.

మరో పాత అలవాటు, సున్నా అనే పేరు. స్పైస్‌లో గ్రౌండ్ అంటే సున్నా నంబరు నోడ్. ప్రతి నోడ్ వోల్టేజినీ దానితో పోల్చి లెక్కిస్తుంది. మీ సర్క్యూట్‌లో గ్రౌండ్ గుర్తు లేకపోతే, లేదా ఏదో నోడ్ కెపాసిటర్ల ద్వారా తప్ప గ్రౌండ్‌కు చేరకపోతే, సమీకరణాలకు ఒకే జవాబు ఉండదు. అప్పుడు సింగ్యులర్ మాట్రిక్స్ అనే సందేశం వస్తుంది. దాన్ని చూసి బెదరనక్కర్లేదు. బ్యాటరీని ఒంటరిగా గాలిలో వదిలేశారా అని ప్రోగ్రాం అడుగుతోంది, అంతే.

వీటికంటే ప్రమాదకరమైనది, ఏ సందేశమూ రాని తప్పు. 741లో ఇరవైకి పైగా ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. 1970ల కంప్యూటర్లకు నాలుగైదు ఆప్-ఆంప్‌లున్న సర్క్యూట్ మోయలేని బరువు. అందుకని బాయిల్, కోన్, పెడర్సన్, సాలమన్ అనే నలుగురు 1974లో ఒక సంక్షిప్త నమూనా ప్రచురించారు. ముందు భాగంలో రెండు ట్రాన్సిస్టర్లు మాత్రం ఉంచి, మిగతా పనిని సమీకరణాల ప్రకారం నడిచే కృత్రిమ మూలాలకు అప్పగించారు. గెయిన్, వేగం, ఔట్‌పుట్ హద్దు వంటివి చక్కగా వస్తాయి. కాని అందులో లోడుకు వెళ్ళే కరెంటు సప్లై పిన్నుల్లోంచి కాక గ్రౌండ్‌లోంచి వస్తుంది. ఆప్-ఆంప్ సప్లై కరెంటును కొలవాలని ఆ నమూనా మీద ప్రయత్నించినవారికి వింత అంకెలు కనిపించేది ఇందుకే. తరువాత వచ్చిన మరింత సరళమైన నమూనాల్లో ఆ రెండు ట్రాన్సిస్టర్లు కూడా పోయాయి. ఇన్‌పుట్ వద్ద 12 వోల్టులున్నా 1200 వోల్టులున్నా వాటికి తేడా తెలియదు. రెండింటి మధ్య భేదం తీసుకుని గెయిన్‌తో గుణిస్తాయి.

మన విద్యార్థి వాడింది అటువంటి సాధారణ ఆప్-ఆంప్ గుర్తునే. సప్లై 5 వోల్టులు. షంట్ ఉన్నది 12 వోల్టుల దగ్గర. 20 కిలో ఓమ్, 1 మెగా ఓమ్ విభాజకం తరువాత ఆప్-ఆంప్ ఇన్‌పుట్ వద్ద 11.76 వోల్టులు ఉంటాయి. 5 వోల్టులతో నడిచే అసలు 741 దాన్ని భరించలేదు. షాపులో దాని ఔట్‌పుట్ ఒకచోటే నిలిచిపోయింది. ఆయన దాన్ని తీసేసి, 24 వోల్టుల సప్లైతో ఎల్‌ఎం358 పెట్టాక మీటరు కదలడం మొదలైంది. ఈ మార్పు ఆయన సొంతంగా కనుక్కున్నదే, నా సలహా ఏమీ లేదు.

ఇంకో పరీక్ష మీరు కంప్యూటర్‌లో చేసి చూడవచ్చు. ఆదర్శ ఆప్-ఆంప్ నమూనాలో ప్లస్, మైనస్ ఇన్‌పుట్లను తారుమారు చేయండి. బ్లాక్ చెప్పిన నెగటివ్ ఫీడ్‌బ్యాక్ పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అవుతుంది. అసలు సర్క్యూట్ అయితే ఔట్‌పుట్ ఏదో ఒక సప్లై వైపు దూసుకుపోయి అక్కడే అతుక్కుంటుంది. ప్రోగ్రాం మాత్రం స్థిర స్థితి విశ్లేషణలో ఎప్పటిలాగే 5 వోల్టులు చూపుతుంది. సమీకరణాలకు అదీ ఒక జవాబే మరి. పెన్సిల్‌ను మొన మీద నిలబెట్టవచ్చని గణితం ఒప్పుకుంటుంది. అందుకని సరైన జవాబు వచ్చినంత మాత్రాన పిన్నులు సరిగా ఉన్నాయని అనుకోవద్దు. తయారీదారు ఇచ్చిన నమూనా పెట్టి, కరెంటును ఒక్కసారిగా మార్చి, కాలంతో ఔట్‌పుట్ ఎలా కదులుతుందో చూడండి.

నాలుగు నిరోధకాలు

ఇక రాత్రంతా ఆగని చార్జర్ సంగతి. ఎల్‌ఎం358 పెట్టాక కరెంటు ఏమీ లేనప్పుడు కూడా ఔట్‌పుట్ 0.4 వోల్టులు ఉంటోంది. 10 ఆంపియర్లకు 5 వోల్టులు కనుక అది 0.8 ఆంపియర్‌తో సమానం. చార్జర్ ఆగాల్సిన గీత 0.5 ఆంపియర్ దగ్గర, అంటే 0.25 వోల్టుల దగ్గర ఉంది. బ్యాటరీ ఎంత నిండినా రీడింగు ఆ గీత కిందికి దిగదు. నేను చెప్పిన ప్రకారం ఆయన రెండుసార్లు టంకం మళ్ళీ పెట్టారు, మూడు ఐసీలు మార్చారు. 0.4 కాస్త అటూ ఇటూ అయింది కాని పోలేదు.

తరువాతి నెల తరగతికి ఆయన బోర్డునే తెచ్చారు. "సార్, మీరు చెప్పినట్టే చేశాను, ఐసీల డబ్బు దండగ అయింది" అన్నారు కోపం లేకుండా. అప్పుడు కూర్చుని ఇద్దరం కొలిచాం. షంట్ తీసేసి, రెండు కొలత తీగలను ఒకదానికొకటి కలిపి, మొదట గ్రౌండ్‌కు తాకించాం. ఔట్‌పుట్ 0.1 వోల్టు. తరువాత అవే తీగలను 12 వోల్టులకు తాకించాం. 0.4 వోల్టులు. రెండు సందర్భాల్లోనూ ఇన్‌పుట్ల మధ్య భేదం సున్నాయే.

మొదటి అంకె ఆప్-ఆంప్ ఆఫ్‌సెట్. ఇన్‌పుట్ దగ్గర సుమారు 2 మిల్లీవోల్టులు ఉన్నా ఔట్‌పుట్‌లో 0.1 వోల్టు అవుతుంది. ఎల్‌ఎం358కు అది మామూలే. ఐసీ మార్చినప్పుడల్లా మారింది ఇదే. (ఒక హెచ్చరిక: ఒకే సప్లై ఉన్నప్పుడు రుణ ఆఫ్‌సెట్ కనబడదు, ఔట్‌పుట్ సున్నా కిందికి వెళ్ళలేదు కనుక.) రెండో అంకెలో పెరిగిన 0.3 వోల్టులు నాలుగు నిరోధకాలవి. ఈ సర్క్యూట్ 12 వోల్టులను రెండు దారుల్లో తెచ్చి ఒకదానిలోంచి మరొకదాన్ని తీసివేస్తుంది. రెండు దారుల్లో నిరోధకాల నిష్పత్తి సమానమైతేనే తీసివేత పూర్తవుతుంది. షాపులో కొన్న నిరోధకాల టాలరెన్సు 1 శాతం. గెయిన్‌కు ఒకటి కలిపి, నాలుగు రెట్ల టాలరెన్సుతో భాగించండి: 51ని 0.04తో భాగిస్తే 1275. అంటే అధ్వాన్నమైన పక్షంలో 12 వోల్టుల్లో 1275వ వంతు, 9.4 మిల్లీవోల్టులు, లేని కరెంటుగా కనిపిస్తుంది. 50 రెట్లు పెరిగి ఔట్‌పుట్‌లో 0.47 వోల్టులు. మనకు వచ్చిన 0.3 ఆ హద్దులోనే ఉంది. టంకంలో ఏ దోషమూ లేదు.

ఇప్పుడు స్పైస్ పేరును గుర్తు చేసుకోండి. చిప్ లోపల పక్కపక్కన ఉన్న నిరోధకాల విలువ ఖచ్చితంగా తెలియకపోయినా వాటి నిష్పత్తి బాగా కుదురుతుంది. చిప్ రూపకర్త నాలుగు చోట్ల ఒకే అంకె రాస్తే అది నిజానికి దగ్గరగా ఉంటుంది. మనం పొట్లం విప్పి తీసిన నాలుగు నిరోధకాలకు ఆ బంధుత్వం లేదు. కంప్యూటర్‌లో మనం నాలుగు చోట్లా గుండ్రటి అంకెలు రాసి, చివరి దశాంశం వరకు సమానమైన నిరోధకాలను సృష్టించుకున్నాం. ప్రోగ్రాం అబద్ధం చెప్పలేదు. మనం అడిగినదానికి జవాబు చెప్పింది. నేను గ్రాఫు చూశాను కాని ఆ నాలుగు అంకెలు చూడలేదు.

మీరు ఇంట్లో ఇదే సర్క్యూట్ గీసుకుని, మైనస్ వైపు 20.2 కిలో ఓమ్, 0.99 మెగా ఓమ్, ప్లస్ వైపు 19.8 కిలో ఓమ్, 1.01 మెగా ఓమ్ అని రాయండి. షంట్ కరెంటు సున్నా ఉంచండి. ఔట్‌పుట్ 0.46 వోల్టుల దగ్గర నిలుస్తుంది. మెగాకు ఎం-ఇ-జి రాయడం మరవకండి.

ఆ బోర్డు మీద గ్రౌండ్ వైపు ఉన్న 1 మెగా ఓమ్ నిరోధకాన్ని తీసి, 910 కిలో ఓమ్ నిరోధకం, దానితో శ్రేణిలో 200 కిలో ఓమ్ మల్టీటర్న్ ప్రీసెట్ పెట్టాం. కలిపిన తీగలను గ్రౌండ్‌కు, 12 వోల్టులకు మార్చి మార్చి తాకిస్తూ, రెండు చోట్లా ఒకే రీడింగు వచ్చేదాకా ఆయన స్క్రూ తిప్పారు. చార్జింగ్‌లో బ్యాటరీ 14.4 వోల్టులకు పెరుగుతుంది కనుక అక్కడ కూడా చూశాం. మిగిలిన 0.1 వోల్టు స్థిరంగా ఉండేదే కాబట్టి చార్జర్ ఆగే గీతను 0.25 నుంచి 0.35 వోల్టులకు జరిపితే సరిపోయింది. ఆ సాయంత్రం షాపు నుంచి ఫోన్ చేసి, చార్జర్ 9 గంటల 20 నిమిషాలకు దానంతట అదే ఆగిందని చెప్పారు.